డీఓపీ తీసేస్తే వాసన పోతుందా? ఒక ప్లేస్కూల్ ఫ్లోరింగ్ కేసు

హాస్పిటళ్లలో, స్కూళ్లలో వేసిన వినైల్ ఫ్లోర్లు చెడిపోతే ఎందుకు చెడిపోయాయో చూసి, మళ్లీ ఎలా వేయాలో చెప్పడం నా పని. ఈ కేసు హైదరాబాద్‌లో ఒక ప్లేస్కూల్‌ది, పేరు ఇక్కడ అవసరం లేదు. "థాలేట్-ఫ్రీ వినైల్ వేయించండి, అంతా సర్దుకుంటుంది" అని ఈ మధ్య డీలర్ల నుంచి ఆర్కిటెక్టుల దాకా అందరూ చెప్తున్నారు. వినైల్‌ని మెత్తబరచడానికి కలిపే నూనె లాంటి రసాయనాల్ని ప్లాస్టిసైజర్లు అంటారు, థాలేట్లు వాటిలో ఒక రకం, డీఓపీ ఆ థాలేట్లలో ఒకటి. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియక జనం రెండోసారి, మూడోసారి డబ్బు పెడుతున్నారు, అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

బిల్డింగ్ ఒక పాత ఇండిపెండెంట్ ఇల్లు. స్కూల్‌గా మార్చేటప్పుడు గ్రౌండ్ ఫ్లోర్‌లో పాత మొజాయిక్ పగలగొట్టి, దాని కింద పీసీసీ (కడ్డీలు లేని మామూలు కాంక్రీట్) మీద నేల సమం చేసే కొత్త సిమెంట్ స్క్రీడ్ పోసి, జూన్‌లో స్కూల్ తెరవాలి కాబట్టి స్క్రీడ్ పూర్తిగా ఆరక ముందే రోల్ వినైల్ షీట్ అతికించేశారు. నేల కింద పాలిథిన్ షీట్ లాంటి తేమ అడ్డు ఏదీ లేదు, ఆ రోజుల్లో ఇళ్లకి ఎవరూ వేసేవాళ్లు కాదు. మొదటి ఏడాది బాగానే ఉంది. రెండో వానాకాలం నుంచి వాసన మొదలైంది.

ఎలాంటి వాసన అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. బాగా చెప్పింది అక్కడి ఆయమ్మ. "సార్, రోజూ ఉంటది గానీ సోమవారం పొద్దున తలుపు తీస్తే మరీ ఎక్కువ, కొత్త ప్లాస్టిక్ వాసన కాదు, నూనె కాదు, తియ్యగా బరువుగా తల పట్టేసినట్టు ఉంటది" అంది. ఆ ఒక్క మాటలోనే నాకు చాలా విషయం దొరికింది. శని ఆదివారాలు కిటికీలు మూసి ఉంచితే పెరుగుతోందంటే లోపల ఏదో నిరంతరం పుడుతోంది, బయటికి పోయే దారి లేక పోగవుతోంది. కొత్త సరుకు వాసన అయితే నెలలు గడిచేకొద్దీ తగ్గాలి, ఇది పెరుగుతోంది.

తల్లిదండ్రుల టెన్షన్ వేరే. ఒకాయన ఇంటర్నెట్‌లో థాలేట్ల గురించి చదివి, తమ బాబుకి ఆయాసం వస్తోందని, ఫ్లోరే కారణమని ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాశారు. ఆ పిల్లాడి ఆయాసానికి కారణం ఏదో చెప్పాల్సింది డాక్టర్, నేను కాదు. కానీ ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. స్వీడన్‌లో వర్మ్‌లాండ్ ప్రాంతపు పిల్లల మీద జరిగిన అధ్యయనం 2004లో అచ్చయింది. పిల్లల పడకగదుల దుమ్ములో డీఈహెచ్‌పీ అనే థాలేట్ ఎక్కువగా ఉన్నచోట ఉబ్బసానికీ, బీబీపీ అనే ఇంకో థాలేట్ ఎక్కువగా ఉన్నచోట ముక్కు కారడం, ఎగ్జిమాకీ సంబంధం కనపడిందని అందులో ఉంది. సంబంధం కనపడటం, అదే కారణమని తేలడం వేర్వేరు విషయాలు, ఈ తేడా ప్రిన్సిపాల్ గారికి మొదటి మీటింగ్‌లోనే చెప్పాను. అయినా పాకే పిల్లలు నేల మీద చేతులు పెట్టి, అవే చేతులు నోట్లో పెట్టుకునే చోట "రుజువయ్యాక చూద్దాం" అనడం నాకు నచ్చదు.

అసలు ఈ ప్లాస్టిసైజర్ ఎందుకు?

వినైల్ అంటే పీవీసీయే. అది సహజంగా గట్టి సరుకు, మన ఇళ్లల్లో నీళ్ల పైపూ అదే. దాన్ని చాపలా చుట్టగలిగేంత మెత్తగా చేయాలంటే పొడవాటి పాలిమర్ గొలుసుల మధ్యలోకి నూనె లాంటి ద్రవాన్ని దూర్చాలి. 1926లో అమెరికాలో బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేసిన వాల్డో సెమన్ ఇలా పీవీసీని మెత్తబరిచే దారి కనిపెట్టాడు, తర్వాత కొన్నేళ్లకే వినైల్ నేలల మీదికి వచ్చింది. షీట్ ఫ్లోరింగ్‌లో 100 భాగాల రెసిన్‌కి 30 నుంచి 60 భాగాల దాకా ప్లాస్టిసైజర్ పడుతుంది. అంటే ఇది చిటికెడు కలిపే రంగు లాంటిది కాదు, సరుకులో పెద్ద వాటా.

ముఖ్యమైన విషయం ఏమిటంటే ఈ ద్రవం పాలిమర్‌తో రసాయనికంగా ముడిపడదు. జాడీలో ఊరగాయకి నూనె తేలినట్టు నెమ్మదిగా బయటికి వస్తూనే ఉంటుంది, కొంత గాలిలోకి, ఎక్కువ భాగం గదిలోని దుమ్ముకి పట్టుకుంటుంది, కొంత కిందున్న గమ్‌లోకి దిగి దాన్ని జిగట ముద్దలా చేస్తుంది. ఈ స్కూల్‌లో షీట్ అంచు ఎత్తి చూస్తే గమ్ సరిగ్గా అలాగే ఉంది, వేలికి అంటుకుని తీగలా సాగింది. రబ్బరు అడుగున్న డోర్‌మ్యాట్ వేసిన చోట షీట్ మీద పసుపు మచ్చ పడింది, అది మ్యాట్ రబ్బరులోని రసాయనాలు వినైల్‌లోకి ఎక్కడం వల్ల, దానికీ వాసనకీ సంబంధం లేదు. ఇలాంటి చోట అన్నింటినీ ఒకే గాటన కట్టేయకుండా ఏది దేనివల్లో విడదీయాలి.

మన మార్కెట్లో డీఓపీ అనేదీ, పేపర్లలో డీఈహెచ్‌పీ అని కనిపించేదీ ఒకటే. చవక, బాగా కలుస్తుంది, దశాబ్దాల పాటు ప్రపంచమంతా అదే వాడింది. సంతానోత్పత్తి వ్యవస్థకి హాని చేస్తుందని యూరప్ దాన్ని వర్గీకరించింది. డీఈహెచ్‌పీ, డీబీపీ, బీబీపీ, డీఐబీపీ, ఈ నాలుగు థాలేట్లూ కలిపి 0.1 శాతం మించకూడదని అక్కడ 2020 జూలై నుంచి ఫ్లోరింగ్‌తో సహా చాలా వస్తువులకి నిబంధన వచ్చింది. అమెరికాలో 2008 చట్టం పిల్లల బొమ్మల్లో వీటిలో మొదటి మూడింటిని ఆపింది, ఫ్లోరింగ్ విషయంలో అక్కడ కదలిక చట్టం వల్ల కన్నా షాపుల వల్ల వచ్చింది. హోమ్ డిపో 2015లో కొత్త వినైల్ ఫ్లోరింగ్‌లో ఆర్థో-థాలేట్లు (డీఓపీ కుటుంబపు రసాయనాలు) ఉండకూడదని సప్లయర్లకి చెప్పింది, మిగతావాళ్లు వెనకే వచ్చారు. మన దగ్గర బొమ్మలకి 2021 జనవరి నుంచి బీఐఎస్ మార్కు తప్పనిసరి, ఐఎస్ 9873 ప్రమాణాల్లో థాలేట్ల పరిమితి కూడా ఉంది. కానీ ఆ బొమ్మ పడి ఉన్న నేలకి అది వర్తించదు. నన్ను అడిగితే ప్లేస్కూల్ నేలని బొమ్మ కింద లెక్కేసి కొనాలి.

తవ్వి చూస్తే

ముందు షీట్ ముక్కలు తీశాం. ఒకటి గది మధ్యలోంచి, ఒకటి బాత్రూమ్ గోడ పక్కనుంచి. శాంపిల్‌ని ప్లాస్టిక్ కవర్లో వేయకూడదు, కవర్లో ఉన్న ప్లాస్టిసైజర్ కూడా శాంపిల్‌కి ఎక్కుతుంది. అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి గాజు సీసాలో పెట్టాలి. ల్యాబ్‌లో జీసీ-ఎంఎస్ (ఏ రసాయనం ఎంతుందో విడదీసి చూపే యంత్రం) మీద రెండు ముక్కల్లోనూ ప్రధానంగా డీఈహెచ్‌పీయే వచ్చింది. అదీ 0.1 శాతం దరిదాపుల్లో కాదు, రెండంకెల శాతంలో. సరుకు కొన్నప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్ నాకు చూపించారు, అందులో పెద్ద అక్షరాలతో "లో వీఓసీ" అని ఉంది, అంటే గాలిలోకి తేలిగ్గా ఆవిరయ్యే రసాయనాలు తక్కువని. సర్టిఫికెట్ అబద్ధం కాదు. డీఈహెచ్‌పీ మరిగే ఉష్ణోగ్రత 380 డిగ్రీల సెల్సియస్ పైమాటే, అంత బరువైన అణువు వీఓసీ పరీక్షలో పట్టుబడదు, అది సెమీ-వొలటైల్ (మెల్లగా ఆవిరయ్యే రకం) కింద వస్తుంది. లో వీఓసీ అన్నంత మాత్రాన థాలేట్లు లేవని కాదు, ఫ్లోరింగ్ కొనే ప్రతి స్కూల్ యాజమాన్యానికీ ఇది తెలిసి ఉండాలి.

కానీ డీఈహెచ్‌పీకి దాదాపు వాసనే ఉండదు. మరి ఆయమ్మ చెప్పిన వాసన ఏంటి?

గాలి శాంపిల్‌లో 2-ఇథైల్ హెక్సనాల్ అనే ఆల్కహాల్ బయటపడింది. షీట్ ముక్కల్లో కూడా మధ్య గదిలో తీసినదాని కన్నా బాత్రూమ్ గోడ పక్కన తీసినదానిలో ఇది చాలా ఎక్కువ. ఇది ఎవరూ కలిపింది కాదు, అక్కడే పుడుతోంది. కాంక్రీట్‌లో తేమ ఉంటే ఆ తేమ సున్నపు గుణంతో ఉంటుంది, పీహెచ్ 12, 13 దాకా. ఆ క్షారపు నీళ్లు షీట్ అడుగుకి తగిలితే డీఈహెచ్‌పీ అణువు విరిగి ఈ ఆల్కహాల్ వదులుతుంది. యాక్రిలిక్ గమ్‌లో 2-ఇథైల్ హెక్సిల్ యాక్రిలేట్ ఉంటే అది కూడా విరిగి ఇదే ఆల్కహాల్ ఇస్తుంది, కాబట్టి మూలాలు రెండు. స్వీడన్, ఫిన్లాండ్, జపాన్‌లలో "ఆఫీసులో కూర్చుంటే కళ్లు మండుతున్నాయి, తలనొప్పి" అని ఫిర్యాదులు వచ్చిన చాలా బిల్డింగుల్లో చివరికి దొరికింది ఇదే. కాంక్రీట్ లోపలి తేమ 85 శాతం దాటితే ఈ విరిగిపోవడం జోరందుకుంటుందని అక్కడివాళ్ల అనుభవం.

సరే, ఇక్కడ క్షారం ఎంతుంది, తేమ ఎంతుంది? షీట్ ఎత్తిన చోట నేలని కొద్దిగా తుడిచి, చుక్క డిస్టిల్డ్ వాటర్ వేసి, ఓ నిమిషం ఆగి పీహెచ్ పేపర్ అద్దాను. గది మధ్యలో ఆకుపచ్చ-నీలం మధ్య రంగు, గోడ పక్కన పేపర్ అంచు నుంచి ఊదా రంగు పాకుతూ మొత్తం ముదిరిపోయింది, అంటే గట్టి క్షారం. ప్రిన్సిపాల్ గారు పక్కనే వంగి చూస్తున్నారు, ఆ రెండు పేపర్లు పక్కపక్కన పెట్టాక ఇంక నేను వివరించాల్సిన పని లేకపోయింది. తర్వాత స్లాబ్ మందంలో 40 శాతం లోతుకి రంధ్రాలు వేసి, స్లీవ్ పెట్టి మూసి, ఒక రోజు ఆగి ప్రోబ్ పెడితే గోడ పక్కన తేమ 90 శాతం దాటింది. వినైల్ కంపెనీలు మామూలుగా అడిగేది 75, కొన్ని గమ్‌లకి 85. పైన ఎంత ఆరినట్టు కనిపించినా లోపల అది తడి నేల. మన మేస్త్రీలు చెయ్యి పెట్టి చూసి "ఆరిపోయింది సార్" అంటారు, చెయ్యి పై మిల్లీమీటర్ సంగతే చెప్తుంది. అంగుళం మందానికి నెల చొప్పున ఆరడానికి ఆగాలనేది పాత లెక్క, అదీ కింద నుంచి నీళ్లు ఎక్కకపోతే. ఇక్కడ బాత్రూమ్ నుంచి వచ్చే మురుగు పైపు ట్రాప్ జాయింట్ కూడా కారుతోంది.

ఇప్పుడు అసలు చర్చ

స్కూల్‌కి అప్పటికే ఒక డీలర్ కొటేషన్ ఇచ్చేశాడు. పాత షీట్ తీయకుండా దాని మీదే "ఎకో, పాలిమర్ ఫ్లోర్, పీవీసీ కాదు, డీఓపీ-ఫ్రీ" అని కొత్త షీట్. ఆ శాంపిల్ తీసుకుని బయట ఆవరణలోకి వెళ్లాం. రాగి తీగని లైటర్ మంటలో ఎర్రగా కాల్చి, శాంపిల్‌కి అంటించి, మళ్లీ మంటలో పెడితే మంట ఆకుపచ్చగా మారింది, అంటే క్లోరిన్ ఉంది. ఫ్లోరింగ్ సరుకులో క్లోరిన్ అంటే దాదాపు పీవీసీయే. (ఇది మూసిన గదిలో ఎవరూ చేయొద్దు, వచ్చే పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది.) డేటాషీట్ తెప్పిస్తే డీఓపీ నిజంగానే లేదు, దాని స్థానంలో డీఐఎన్‌పీ ఉంది. డీఐఎన్‌పీ కూడా ఆర్థో-థాలేటే, కాలిఫోర్నియా దాన్ని 2013లో క్యాన్సర్ హెచ్చరిక జాబితాలో పెట్టింది, అమెరికాలో పిల్లల బొమ్మల్లో నిషేధం. "డీఓపీ-ఫ్రీ" అనే ముద్రతో దాన్ని ప్లేస్కూల్‌కి అమ్మబోతున్నారు.

రెండో డీలర్ ఇంకాస్త నయం, అతని సరుకులో డీఓటీపీ. దీని అణు ఫార్ములా డీఓపీ ఫార్ములాయే, బెంజీన్ వలయం మీద రెండు చేతుల స్థానం మారుతుంది, ఆర్థో కాదు పారా. ఆ చిన్న మార్పు వల్ల శరీరంలో అది పూర్తిగా విడిపోయి టెరిథాలిక్ ఆమ్లంగా మారుతుంది, డీఓపీ చేసే హానికి కారణమైన మోనో-ఎస్టర్ (సగమే విడిపోయిన అణువు) చాలా తక్కువ మిగులుతుంది. ఆరోగ్యపరంగా నిజమైన మెరుగుదలే, ధర కూడా ఇప్పుడు పెద్ద తేడా లేదు, మన దేశంలో తయారవుతోంది. కానీ దాన్ని కూడా 2-ఇథైల్ హెక్సనాల్‌తోనే తయారుచేస్తారు! తడి క్షారపు నేల మీద వేస్తే అదే ఆల్కహాల్ మళ్లీ వదలగలదు. దుమ్ములో డీఈహెచ్‌పీ పోతుంది, సోమవారం వాసన పోదు. యాజమాన్యం అప్పుడు "గ్రీన్ సరుకు వేయించినా వాసన వస్తోంది, ఇదంతా మోసం" అంటుంది, మంచి ప్లాస్టిసైజర్‌కి చెడ్డపేరు వస్తుంది. నేను ఇలాంటి చోట్లకి వెళ్లాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. ప్లాస్టిసైజర్ మార్చడం దుమ్ము సమస్యకి మందు, తేమ ఆపడం వాసనకి మందు. రెండూ చేయాలి, తేమ ముందు.

మిగతా ప్రత్యామ్నాయాలూ టేబుల్ మీద పెట్టాం. డీఐఎన్‌సీహెచ్ అని బీఏఎస్‌ఎఫ్ 2002లో తెచ్చింది, డీఐఎన్‌పీలోని బెంజీన్ వలయానికి హైడ్రోజన్ ఎక్కించి చేస్తారు. బొమ్మలకీ వైద్య ట్యూబులకీ ఉద్దేశించిన సరుకు, ఖరీదు ఎక్కువ. అది కూడా ఎస్టరే (ఆమ్లం, ఆల్కహాల్ కలిసిన అణువు), కాబట్టి క్షారపు నీళ్లకి అతీతం కాదు, విరిగితే తొమ్మిది కార్బన్ల ఆల్కహాల్ వస్తుంది. సోయా నూనె నుంచి చేసే ఈఎస్‌బీఓ పీవీసీకి వేడి తట్టుకోవడంలో సాయం చేస్తుంది, కానీ అది కొద్ది భాగాలు కలపడానికే, ఒక్కదాన్నే ఎక్కువ పోస్తే వెలుగు తగిలేకొద్దీ పైకి చెమర్చి జిడ్డుగా దుమ్ము పట్టేస్తుంది. సిట్రేట్లు చిన్న అణువులు, త్వరగా బయటికి వచ్చేస్తాయి, ఏళ్ల తరబడి ఉండాల్సిన నేలకి నేను సిఫారసు చేయను.

ఆముదం గురించి మాత్రం నాకు ప్రత్యేకమైన ఆసక్తి. ప్రపంచంలో ఆముదం ఎక్కువ పండేది మన దేశంలోనే, ప్రధానంగా గుజరాత్‌లో, మన మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట చేలలో కూడా ఎన్నో ఏళ్లుగా వేస్తున్న పంట. హైడ్రోజన్ ఎక్కించిన ఆముదం నుంచి డానిష్ కంపెనీ డానిస్కో ఒక ప్లాస్టిసైజర్ తయారుచేసి మార్కెట్‌లోకి తెచ్చింది, పనితనంలో డీఓపీకి దీటుగా నిలబడింది, అడ్డుపడింది ధరే. ఆముదం కొవ్వు ఆమ్లంలో ఉండే హైడ్రాక్సిల్ గుంపు వల్ల దాన్ని రకరకాలుగా మార్చుకోవచ్చు, వేరుశెనగ నూనెకి ఆ సౌకర్యం లేదు. ఇంకొకటి జీడి. పలాసలో జీడిపప్పు తీశాక మిగిలే పెంకులోంచి వచ్చే నూనెలో కార్డనాల్ ఉంటుంది, దాన్ని ఎసిటేట్‌గా మార్చి ఎపాక్సీ చేస్తే పీవీసీని మెత్తబరుస్తుందని పరిశోధనలు ఉన్నాయి. అది తిండికి పోటీ రాని నూనె, నాకు అన్నిటికన్నా నచ్చే విషయం అది. రంగు గోధుమగా ఉండటం, కొద్దిగా ముదరడం ఇబ్బంది, లేత రంగు షీట్లకి పనికిరాదు, కానీ చెక్క రంగు పలకలకి, అడుగు పొరకి ఎందుకు పనికిరాదు? మన కాంపౌండింగ్ యూనిట్ల వాళ్లు ఎవరైనా దీన్ని సీరియస్‌గా తీసుకోవాలని నా కోరిక. అయితే కోరిక వేరు, జూన్‌లో పిల్లలు కూర్చునే నేల వేరు. చదరపు అడుగుల్లెక్కన రోల్‌గా దొరికే, పరీక్ష రిపోర్టు ఉన్న సరుకే కొనగలం.

లినోలియం కూడా అడిగారు. అవిసె నూనె, కార్క్ పొడి, చెక్క పొడి, గోనె బట్ట, ప్లాస్టిసైజర్ ఊసే లేదు, పందొమ్మిదో శతాబ్దం నుంచి ఉన్న సరుకు. నాకు గౌరవం ఉన్న ఫ్లోర్. కానీ అది క్షారానికి వినైల్ కన్నా బలహీనం, తడి నేల మీద ఉబ్బుతుంది. రోజూ నీళ్లు పోసి, ఘాటైన క్లీనర్లతో రుద్దే మన అలవాటుకి సర్దుకోదు. పై అంతస్తులో ఆరిన స్లాబ్ మీద అయితే అవునంటాను, ఇక్కడ కాదు. ఎస్‌పీసీ క్లిక్ పలకల్లో రాతి పొడి, గట్టి పీవీసీ కలిసి ఉంటాయి, లోపలి పొరలో ప్లాస్టిసైజర్ అవసరం దాదాపు ఉండదు, పై పొరలో కొంత ఉంటుంది. గమ్ అక్కర్లేదు. కానీ ఆయమ్మలు బకెట్ నీళ్లు పోసి కడిగితే జాయింట్లలోంచి దిగిన నీళ్లు కిందే ఉండిపోతాయి.

ఏం చేశాం

చివరికి తీసుకున్న నిర్ణయం కొందరికి ఆశ్చర్యం కలిగించింది. నాలుగు గదుల్లో మూడింటికి వినైల్ అసలు వద్దన్నాను. తాండూరు బండ వేసి, పాలిష్ చేయించి, పిల్లలు కూర్చునే చోట ఉతుక్కోగలిగే నూలు జంపఖానాలు. బండ కింద తేమ ఉన్నా అది జాయింట్లలోంచి నెమ్మదిగా ఆరిపోతుంది, విరిగి వాసన వదిలే సరుకేమీ అందులో లేదు. అన్నిటికన్నా గ్రీన్ ప్లాస్టిసైజర్ అసలు ప్లాస్టిసైజర్ అక్కర్లేని నేల. అవసరం లేని చోట వినైల్ వేయకపోవడం కూడా వినైల్ కన్సల్టెంట్ చెప్పాల్సిన మాటే.

పాకే పిల్లల గదికి మాత్రం మెత్తదనం కావాలి, అతుకులు లేకుండా వెల్డ్ చేసిన నేల కావాలి, తుడవడానికి సులువుగా ఉండాలి. అక్కడ వినైల్‌కి నిజమైన పని ఉంది. ముందు ట్రాప్ జాయింట్ రిపేర్ చేయించి, బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాం. షీట్, గమ్ తీసేసి, గమ్ పీల్చుకున్న పై పొరని దుమ్ము లాగే మెషిన్‌తో గ్రైండ్ చేశాం. ఇక్కడ చాలామంది తొందరపడతారు: కాంక్రీట్ ఆ ఆల్కహాల్‌ని కూడా పీల్చుకుని ఉంటుంది, షీట్ తీసినా వారాల తరబడి వదులుతూనే ఉంటుంది. ఎండాకాలం సెలవులు మొత్తం ఆ గది కిటికీలు తెరిచి ఫ్యాన్లు పెట్టి వదిలేశాం. ఆ మీద రెండు పూతలుగా ఎపాక్సీ తేమ అడ్డు, రెండో పూత తడిగా ఉండగానే ఇసుక చల్లి, దానిమీద తక్కువ క్షారం ఉండే సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్. ఈ "తక్కువ క్షారం" అనే మాట కొటేషన్లో రాయించుకోవాలి, మామూలు సిమెంట్ లెవెలర్ పోస్తే షీట్ అడుగుకి మళ్లీ పీహెచ్ 12 తగిలించినట్టే. ఖర్చులో సగానికి దగ్గరగా ఈ కింది పనికే పోయింది, కంటికి కనపడని పని కాబట్టి యాజమాన్యానికి అది ఒప్పించడమే కష్టం.

షీట్ కొనుగోలు ఆర్డర్‌లో "ఎకో", "గ్రీన్", "చైల్డ్ సేఫ్" లాంటి మాటలన్నీ కొట్టేయించాను. వాటి బదులు క్యాస్ నంబర్లు, అంటే ప్రతి రసాయనానికీ విడిగా ఉండే గుర్తింపు నంబర్లు, రాశాం. డీఈహెచ్‌పీ 117-81-7, డీబీపీ 84-74-2, బీబీపీ 85-68-7, డీఐబీపీ 84-69-5, డీఐఎన్‌పీ 28553-12-0, డీఐడీపీ 26761-40-0, ఒక్కొక్కటి 0.1 శాతం లోపు. వాడిన ప్లాస్టిసైజర్ ఏదో దాని క్యాస్ నంబర్‌తో సహా చెప్పాలి: డీఓటీపీ అయితే 6422-86-2, డీఐఎన్‌సీహెచ్ అయితే 166412-78-8. డీఓపీకీ డీఓటీపీకీ బిల్లులో ఒక్క అక్షరం తేడా, నంబర్లో అయితే పొరపాటుకి తావు లేదు. అడుగు పొరలో రీసైకిల్ చేసిన పీవీసీ ఉంటే దాని మూలం కూడా చెప్పాలని రాశాం, ఎందుకంటే పాత కేబుల్ తొడుగులు, పాత ఫ్లోరింగ్ పొడి చేసి కలిపిన పొరలో పాత డీఓపీ అంతా అలాగే ఉంటుంది, పై పొర ఎంత శుభ్రంగా ఉన్నా. రీసైకిల్ అన్నది మంచి మాటే గానీ పాకే పిల్లల గదికి ఆ మాట ఒక్కటే చాలదు. డిక్లరేషన్ వచ్చాక దాన్ని నమ్మి ఊరుకోలేదు, సైట్‌కి దిగిన రోల్‌లోంచే ముక్క కోసి ల్యాబ్‌కి పంపాం. ఎంచుకున్నది డీఐఎన్‌సీహెచ్ షీట్, ఒక్క గదే కాబట్టి ధర తేడా భరించగలిగారు, మొత్తం బిల్డింగ్ అయితే డీఓటీపీకే వెళ్లేవాణ్ని. గమ్ కూడా 2-ఇథైల్ హెక్సిల్ యాక్రిలేట్ లేనిదే అడిగి తీసుకున్నాం.

అన్నీ అయ్యాక వానాకాలం మధ్యలో సోమవారం పొద్దున్నే, కిటికీలు తెరవక ముందు, మళ్లీ గాలి శాంపిల్ తీశాం. 2-ఇథైల్ హెక్సనాల్ పూర్తిగా సున్నా కాలేదు, పాత కాంక్రీట్ ఇంకా కొద్దికొద్దిగా వదులుతోంది, కానీ ముక్కుకి తెలిసే స్థాయిలో లేదు. ఆయమ్మ కూడా అదే చెప్పింది. దుమ్ములో మాత్రం డీఈహెచ్‌పీ మేం అనుకున్నంత తగ్గలేదు. వెతికితే రెక్సిన్ కుషన్లు, మెత్తటి బ్లాకుల తొడుగులు, నేప్ మ్యాట్లు, అన్నీ పీవీసీయే. తొడుగులు నూలు బట్టవి కుట్టించి, చీపురుతో ఊడ్చే బదులు తడి గుడ్డతో తుడవడం అలవాటు చేయించాం, పిల్లలు తినే ముందు చేతులు కడిగించడం గట్టిగా పాటిస్తున్నారు. ఇవన్నీ పెద్ద ఖర్చు లేని పనులు, ఇంట్లో వినైల్ ఉన్న ఎవరైనా ఈరోజే మొదలుపెట్టవచ్చు.

పాత బిల్డింగుల్లో పని చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. పాత ఆఫీసుల్లో, క్వార్టర్లలో చిన్న చదరపు గట్టి వినైల్ పలకలు కనిపిస్తే గ్రైండర్ పెట్టకండి. పీవీసీ-ఆస్బెస్టాస్ పలకలకి మన దేశంలో ఐఎస్ 3461 అని ప్రత్యేకంగా ప్రమాణమే ఉండేది. ముందు ల్యాబ్‌లో చూపించండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.

ఇక తీసేసిన పాత షీట్ సంగతి. చుట్టలు చుట్టి బయట పెట్టిన మధ్యాహ్నమే ఒక స్క్రాప్ వ్యాపారి వచ్చాడు, కిలోకి ఇంత అని రేటు చెప్పాడు. ఎక్కడికి పోతుందని అడిగితే దాచకుండా చెప్పాడు, పొడి కొట్టి చెప్పుల సోళ్లకీ చవక మ్యాట్లకీ కలుపుతారట. అంటే ఈ స్కూల్లోంచి తీసిన డీఓపీ ఇంకో ఇంట్లో పిల్లల కాళ్ల కిందికి చేరుతుంది. యాజమాన్యం ఆ డబ్బు వదులుకుంది. కాల్చకూడదని కాంట్రాక్టర్‌తో రాయించుకుని, అనుమతి ఉన్న ల్యాండ్‌ఫిల్‌కి తోలించి, తూకం రసీదు ఫైల్లో పెట్టించాం.